ఎవరూ సేవ్ చేసుకోని నంబరు

మాది ఫ్రీజర్ బాక్సుల వ్యాపారం. మా వైపు ఆ మాట చెబితే చాలు, ఇంకేమీ అడగరు, మాట మార్చేస్తారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇంట్లో మనిషి పోతే, రావలసినవాళ్లంతా వచ్చేదాకా పడుకోబెట్టడానికి అద్దం మూత ఉన్న పొడవాటి పెట్టె ఒకటి తెప్పిస్తారు కదా, ఆ పెట్టెలు మావి. షెడ్డు అవనిగడ్డలో. దివిసీమ అంతా మేమే వెళ్తాం. ఘంటసాల, బందరు సరేసరి, పిలిస్తే నందివాడ దాకా వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి. ఈ పనికి ముందు పదిహేనేళ్లు ఫ్రిజ్‌లు బాగుచేశాను. లోపల కంప్రెసరు ఒకటే. కాకపోతే ఫ్రిజ్ బాగుచేసినప్పుడు జనం టీ ఇచ్చి, మళ్లీ రమ్మనేవాళ్లు.

ఈ వ్యాపారంలో కష్టం పెట్టె మొయ్యడం కాదు, ఏడుపులు వినడమూ కాదు. ఫోన్ నంబరు. మిగతా వ్యాపారస్తులు కార్డిస్తే జనం జేబులో వేసుకుంటారు. నా కార్డు తీసుకున్న మనిషి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, నేను మలుపు తిరిగేదాకా ఆగి, కాలవలో వేస్తాడు. ఘంటసాలలో ఒక మాస్టారు నా నంబరు సేవ్ చేసుకుంటానని ఫోను తీసి చాలాసేపు వేలితో ఏదో నొక్కారు. చూస్తే స్క్రీను ఆరిపోయి ఉంది. నందివాడ దగ్గర ఒక రైతు మంచివాడు, మొహమాటం లేనివాడు. నంబరు ఇంట్లో ఉండకూడదని చెప్పి, పశువుల పాకలో గోడ మీద బొగ్గుతో రాయించుకున్నాడు. తర్వాతి ఏడాది గేదె చచ్చిపోతే ఆ రాత తుడిపించేశాడని విన్నాను.

నేను వాళ్లని తప్పు పట్టను. పిలిస్తే వచ్చేవాణ్ణి అయినా, పిలవాల్సిన అవసరం రాకూడదనే ఎవరైనా కోరుకుంటారు. కాని దానివల్ల జరిగేదేమిటంటే, మనిషి పోయాక నంబరు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఏడుస్తున్న ఇంట్లోంచి ఒకాయన బయటికొచ్చి, పెట్టెల ఆయన నంబరు ఎవరిదగ్గరన్నా ఉందా అని అడుగుతాడు. ఉన్నవాడు కూడా ఉందని చెప్పడు. ఉందంటే, ఎందుకు ఉంచుకున్నావని అడుగుతారు. ఈలోగా ఎండ ముదురుతుంది. మా వైపు ఎండాకాలంలో రెండు గంటలు ఆలస్యమైతే ఏమవుతుందో ఇక్కడ రాయను.

ఈ బాధ బందరు కోనేరు సెంటర్లో సిమ్ములమ్మే ఒకతని దగ్గర చెప్పుకున్నాను. అతనిదగ్గర ఫ్యాన్సీ నంబర్లు దొరుకుతాయని వెళ్లాను. మా జిల్లాలో ఫ్యాన్సీ నంబరంటే ఒకే అంకె వరసగా పడాలి. అలాంటివన్నీ చేపల చెరువుల రైతులు, కారుకీ ఫోనుకీ ఒకటే నంబరు ఉండాలనుకునేవాళ్లు, ముందే కొనేస్తారు. నా అవసరం విని అతను ఫ్యాన్సీ నంబర్ల కాయితం మడిచి పక్కన పెట్టాడు.

"మావయ్యగారూ, మీ నంబరు జనం దగ్గర పెట్టుకోరు. కాని అవసరానికి గుర్తు రావాలి. అంతే కదండీ?" అన్నాడు.

అంతే అన్నాను.

"అయితే మాట నంబరు తీసుకోండి. కాయితం మీద రాసుకోవక్కర్లేదు, ఫోన్లో దాచుకోవక్కర్లేదు. నోట్లో మాట ఉంటే చాలండి."

నంబరు నొక్కేచోట ప్రతి అంకె కింద మూడేసి నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలుంటాయని అతను చూపించేదాకా నేను గమనించలేదు. ఇరవయ్యేళ్లుగా రోజూ వాటి మీదే వేలు పెడుతున్నాను. ఆ అక్షరాలతో ఒక మాట వచ్చేలా నంబరు ఎంచుకుంటే, అంకెలు మర్చిపోయినా మాట నొక్కితే మనకే మోగుతుంది. పై దేశాల్లో వ్యాపారస్తులు ఎప్పటినుంచో ఇలా చేస్తున్నారట.

ముందు నాలుగు అంకెలు మా వైపు సగం ఫోన్లకి ఉండేవే, అవి అందరికీ నోటికొచ్చు, చివరి ఆరు అంకెలకి మాత్రం ఆరక్షరాల మాట కావాలన్నాడు. శాంతి అన్నాను. దాన్ని ఇంగ్లీషులో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, వద్దన్నాడు. స్వర్గం అంటే లెక్క ఎక్కువైంది. అదీగాక, ఎవరు ఎక్కడికి వెళ్లారో మనం ఖాయం చెయ్యకూడదు. చివరికి సెలవు అన్నాను. గుడికెళ్లేవాళ్లయినా చర్చికెళ్లేవాళ్లయినా ఆఖరున తీసుకునేది అదే కదా. ఇంగ్లీషులో రాస్తే సరిగ్గా ఆరక్షరాలు. అతను కంప్యూటర్లో వెతికి, ఆ ఆరు అంకెలతో అయ్యే నంబరు ఒకటి ఖాళీగా ఉందన్నాడు. తర్వాత కొంచెం ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. అంకెలన్నీ కూడితే ఎనిమిది వస్తుందట. ఎనిమిది శని. అందుకే ఎవరూ ముట్టుకోకుండా పడుందట.

శనీశ్వరుడు మాకు కొత్త కాదని చెప్పి తీసుకున్నాను.

వ్యాను మీద రాయడానికి అవనిగడ్డలో బోర్డులు రాసే ఆయనకి ఇచ్చాను. ముందు నాలుగు అంకెలు, పక్కన సెలవు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయమని కాయితం మీద రాసిచ్చాను. సాయంత్రం వెళ్తే తెలుగులో, నీలం రంగులో, నీడలు కూడా వేసి బ్రహ్మాండంగా రాసిపెట్టాడు. ఊళ్లవాళ్లకి ఇంగ్లీషేం తెలుస్తుందండీ అన్నాడు. ఫోన్లో తెలుగు అక్షరాలుండవని చెబితే, ఉండాలి కదండీ అన్నాడు. మళ్లీ రాయించేలోపు వారం పట్టింది. ఆ వారంలో నా వ్యాను చూసినవాళ్లంతా పని ఆపేశాననుకున్నారు.

కాని నంబరు పనిచేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. కోడూరు అవతలి ఊరినుంచి ఒక ముసలాయన బటన్ల ఫోనులోంచి చేశాడు. "మా చెల్లెలు పోయిందండి. సెలవని నొక్కితే మీరు పలికారండి," అన్నాడు. ఆయన గొంతులో దుఃఖంతో పాటు కాస్త ఆశ్చర్యం కూడా ఉంది. ఆ తర్వాత చాలామంది అలాగే అన్నారు. ఎవరి ఫోన్లోనూ నా నంబరు లేదు, ఎవరి గోడ మీదా లేదు, అందరికీ వచ్చు. నేను కూడా ఒక నియమం పెట్టుకున్నాను. మొదటి రింగుకే ఎత్తాలి. హలో అనకూడదు, అందులో ఉత్సాహం ఉంటుంది. ఎక్కడికి రావాలండీ అని మెల్లగా అడగాలి. ఇంట్లో లావు ప్లగ్గు పట్టే సాకెట్ ఉందో లేదో కనుక్కోవాలి. పెట్టేసేటప్పుడు ఉంటానండీ అనాలి గాని, థాంక్స్ అనకూడదు.

అప్పటికి నాకు కొంచెం గర్వం వచ్చింది. ఆ గర్వంతోనే మా అక్క కొత్తింటి గృహప్రవేశానికి వెళ్లాను.

మా అక్క నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే. పెళ్లయి గుడివాడ వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్లింది. మా బావ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కొత్త పెళ్లికొడుక్కి పెళ్లాంతో పాటు ఏడేళ్ల బావమరిది కూడా ఉచితంగా వచ్చాడని నవ్వేవాడు గాని, ఒక్కరోజూ విసుక్కోలేదు. నేను పెట్టెల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు చుట్టాల్లో చాలామంది ఎద్దు పుండు కాకికి నొప్పా అని నా వెనక అన్నారు. అక్క ఏమీ అనలేదు. నా వ్యాను మాత్రం వీధి చివరే ఆపి నడిచి రమ్మనేది.

వాళ్లు జీవితమంతా అద్దె ఇళ్లలో ఉండి, రిటైరయ్యాక ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకి ఇచ్చే తాంబూలం సంచులు నేను చేయిస్తానన్నాను. మా వైపు ఇది మామూలే. సంచికి ఒకవైపు ఇంటివాళ్ల పేర్లు, శుభాకాంక్షలు ఉంటాయి. రెండోవైపు, సంచులు చేయించిన చుట్టం బట్టల కొట్టువాడైతే బట్టల కొట్టు పేరు, మందుల షాపువాడైతే మందుల షాపు పేరు వేయించుకుంటాడు. ఎవరూ తప్పు పట్టరు. నేను కూడా వేయించుకున్నాను. పెట్టె బొమ్మ వెయ్యలేదు, వ్యాపారం ఏమిటో రాయలేదు. అంతమాత్రం తెలివి ఉంది. నాలుగు అంకెలు, సెలవు, కింద ఇరవై నాలుగు గంటలూ అని మాత్రం ఉంది. చూడటానికి చాలా హుందాగా ఉందనుకున్నాను.

గుడివాడకి నా వ్యాను ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్కవేసుకోలేదు. జనం వేసుకున్నారు. భోజనాలయ్యాక మా అక్క గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి సంచి చేతికిచ్చింది. ఆడవాళ్లు సంచి తీసుకున్నారు, వెనక్కి తిప్పారు, చదివారు. వెళ్లొస్తామండీ అని గేటు దాకా వెళ్లి, అక్కడ పండూ, రవికెల గుడ్డా, ఆకూవక్కా తీసి కొంగులో వేసుకుని, ఖాళీ సంచి కొత్త ప్రహరీ గోడ మీద పెట్టి వెళ్లిపోయారు. ఒకరు పెట్టారని ఇంకొకరు పెట్టారు. అందరూ వెళ్లాక చూస్తే గోడ పొడుగునా, ఈ చివరినుంచి ఆ చివరికి, నా నంబరే ఉంది.

బావకి నవ్వొచ్చింది. ఆపుకోలేక పెరట్లోకి వెళ్లాడు. అక్క నవ్వలేదు.

"పెళ్లయిన నలభై ఏళ్లకి ఇల్లు కట్టుకున్నానురా," అంది. "గడపలో అడుగుపెట్టిన రోజునే నా గోడ మీద సెలవు రాయిస్తావా?"

అలా అనుకోలేదక్కా అన్నాను.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నువ్వెప్పుడనుకున్నావు గనక," అని, నా ఎదురుగానే ఫోను తీసి నా నంబరు తీసేసింది. ఎలా తీసెయ్యాలో ఆవిడకి తెలియదు. పక్కింటావిడని అడిగి తీసేసింది.

కోపం నాలుగు రోజులుంటుందనుకున్నాను. మూడేళ్లు ఉంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికని ఇంకో నంబరు తీసుకున్నాను. దానినుంచి చేస్తే అక్క ముందు ఎవరండీ అనేది, నేనక్కా అనగానే పెట్టేసేది. మిగతా చుట్టాలు పెట్టెయ్యరు గాని, నా గొంతు వినగానే అటువైపు టీవీ శబ్దం తగ్గేది. ఎవరు, ఎవరు పోయారు అని అడిగేవాళ్లు. ఎవరూ పోలేదు, ఊరికే చేశాను అంటే, ఊరికే చేశావా అని నమ్మకం లేకుండా అనేవాళ్లు. కొన్నాళ్లకి ఆ రెండో సిమ్ము తీసి డ్రాయరులో పడేశాను. గొడవ నంబరుతో కాదు, నాతో అని అర్థమైంది.

బావ ఒక్కడే చేసేవాడు. ఆదివారం పొద్దున రైతుబజారుకి వెళ్లినప్పుడు, అక్కకి తెలియకుండా, వంకాయలు ఏరుతూ చేసేవాడు. అక్క ఎలా ఉందని అడిగితే, నీ మాట ఎత్తకుండా బాగానే ఉందిరా అనేవాడు. ఆ ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు కూరగాయల ధరలే చెప్పేవాడు. సెలవు నంబరుకి వారం మొత్తంలో వచ్చే ఫోన్లలో ఎవరూ పోకుండా వచ్చేది అదొక్కటే. నాకు అది ఎంత అవసరమో ఆయనకెప్పుడూ చెప్పలేదు.

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం ఫోను రాలేదు. వానేమో అనుకున్నాను. తర్వాతి ఆదివారం కూడా రాలేదు. సోమవారం గుడివాడనుంచి వచ్చిన ఒక చుట్టం కనబడి చెప్పాడు, బావకి గుండెనొప్పి వచ్చిందని, ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడని. నీకు తెలుసనుకున్నానే అన్నాడు.

అక్కకి ఫోను చెయ్యడానికి నంబరు నొక్కాను. మోగకముందే ఆపేశాను. భర్త ఐసీయూలో ఉంటే, ఆ తలుపు బయట కూర్చున్న మనిషి ఫోన్లో ఫ్రీజరు బాక్సుల నంబరు కనబడితే ఏమవుతుంది? సేవ్ చేసుకోలేదు కదా అని ఊరుకోవడానికి లేదు. ఆ నంబరు తెలియనివాళ్లు జిల్లాలో లేకుండా చేసింది నేనే.

ఫోను వద్దనుకుని నేనే వెళ్లాను. వ్యాను తియ్యలేదు, పామర్రులో బస్సు మారి వెళ్లాను. ఆసుపత్రి గేటు దగ్గర గార్డు నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. ఎప్పుడూ నా వ్యాను కోసం తెరిచే వెనక గేటు తాళం చెవి తీసుకున్నాడు.

"రండి సార్. ఏ రూమండీ? మాకింకా ఎవరూ చెప్పలేదే," అన్నాడు.

మా బావగారు లోపల ఉన్నారండీ, చూద్దామని వచ్చాను అన్నాను.

"అయ్యో, అలాగాండీ," అని నిజంగానే బాధపడి, "ముందువైపు ఉన్నారాండీ, వెనకవైపా?" అని అడిగాడు.

ముందువైపేనండీ అన్నాను. బెంచీల మీద కూర్చున్నవాళ్లు మా ఇద్దరినీ చూస్తున్నారు. ఒకావిడ పక్కనున్నాయన చెయ్యి పట్టుకుంది. అద్దాల తలుపులోంచి లోపల మందుల కౌంటరు కనిపిస్తోంది. అక్కడ మా అక్క నిలబడి ఉంది. అదిగో మా అక్క అని గార్డుకి చూపించాను. మూడేళ్లలో బాగా చిక్కిపోయింది. చీటీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదువుతోంది. ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, నేను కనబడతాను. నన్ను చూడగానే ఆ మొహంలో ముందు ఏం కనబడుతుందో నాకు తెలుసు. వందల ఇళ్ల గుమ్మాల్లో చూశాను. తమ్ముడు వచ్చాడని మాత్రం కాదు. ఆ మొహం చూసే ధైర్యం లేక తిరిగి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక సిగ్గేసింది.

మర్నాడు మా ఆవిడ వెళ్లి చూసొచ్చింది. స్టెంటు వేశారట, రెండు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేమన్నారట. అక్క తనని దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పిందట. నా గురించి అడిగిందా అన్నాను. మా ఆవిడ చెప్పులు విప్పడానికి చాలాసేపు తీసుకుంది. లేదంది.

ఆ రెండు రోజులూ ఫోను మోగినప్పుడల్లా ముందు స్క్రీను చూసి, అక్క పేరు కాదని తేల్చుకున్నాకే ఎత్తాను. మోగకూడదని కోరుకోవడం ఈ వ్యాపారంలోకి వచ్చాక అదే మొదటిసారి. మోగిన ప్రతిసారీ ఎవరో ఒకరి బావే కదా పోయింది అని అప్పుడు తోచింది. అంతకుముందు తోచలేదు. అది నా తప్పే.

మూడోరోజు పొద్దున పది గంటలప్పుడు షెడ్డులో పెట్టె కడుగుతున్నాను. ఫోను మోగింది. స్క్రీను మీద అక్క అని ఉంది.

మూడేళ్లుగా ఆ పేరు వెలగలేదు. ఈ నంబరుకి ఎవరైనా ఎందుకు చేస్తారో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. చేతులకి సబ్బునురగ ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోను పూర్తిగా మోగి ఆగిపోయింది. ఎత్తనంతసేపూ బావ బతికే ఉంటాడు. అంత చదువులేని ఆలోచన నాకు ఎలా వచ్చిందో తెలియదు గాని, వచ్చింది. మళ్లీ మోగింది. ఎత్తాను. ఎక్కడికి రావాలండీ అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వస్తే మింగేశాను.

"ఏరా," అంది అక్క. "ఊళ్లో అందరికీ మొదటి రింగుకే ఎత్తుతావంట. నాకు రెండుసార్లు చెయ్యాలా?"

"అక్కా, బావ."

"ఇంటికొచ్చాం. పొద్దున్నే పంపించేశారు. ఉప్పు లేకుండా పప్పు పెడితే కంచం అవతలకి తోసేశాడు. మీరందరూ కలిసి నన్ను చంపుతారు."

నేను పెట్టె అంచు మీద కూర్చుని ఏడ్చాను. ఈ షెడ్డులో ఎవరైనా ఏడవడం అదే మొదలు. ఎప్పుడూ వాళ్ల ఇళ్లలోనే ఏడుస్తారు. అక్క ఆపమనలేదు. ఆగేదాకా ఫోను పట్టుకునే ఉంది.

తర్వాత నా నంబరు ఎలా దొరికిందని అడిగాను.

"దొరకడమేంటి. ఆ ముదనష్టపు మాట నొక్కాను. ఆ సంచులన్నీ ఒక్కొక్కటీ మడతపెట్టి అటకెక్కించింది నేనే కదా, మర్చిపోతానా?" అంది. "ఆసుపత్రికొచ్చి గేటు దగ్గరనుంచే వెళ్లిపోయావంట. గార్డు చెప్పాడు, మీ తమ్ముడికి చాలా మర్యాదండీ అని. మీ బావ అప్పట్నించీ వాడు రాలేదా, వాడు రాలేదా అని నా ప్రాణం తీస్తున్నాడు."

వస్తానక్కా అన్నాను.

"భోజనం టయానికి రా. ఆ వ్యాను మాత్రం వేసుకురాకు. బస్సులో రా. బస్సు దిగి నడిచొచ్చి, అందరూ చూస్తుండగా ముందు గేటులోంచి రా."

చేతులు కడుక్కుని బస్టాండుకి వెళ్లాను. బస్సు ఎక్కగానే ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆపలేదు. అవనిగడ్డనుంచి గుడివాడకి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఎవరైనా సెలవని నొక్కి, నేను పలకక ఇబ్బంది పడి ఉంటే, ఆ ఇంటివాళ్లు నన్ను క్షమించాలి. నేను మా అక్కయ్య ఇంటికి వెళ్తున్నాను.